కిల్లర్ చెయ్యి ఎందుకు వణికింది

ఆ రోజుల్లో మా మెదక్‌లో మీసాలు మొలిచిన ప్రతి రెండోవాడూ డైరెక్టరే. మిగిలినవాడు హీరో. అప్పటికింకా మా ఊరు జిల్లా కేంద్రం కాలేదు, ఏ కాగితం మీద ముద్ర పడాలన్నా సంగారెడ్డి బస్సెక్కాల్సిందే. షార్ట్ ఫిల్ముల విషయంలో మాత్రం మేము ఎవరి మీదా ఆధారపడలేదు. ఖిల్లా మెట్ల మీద ఒక ప్రేమకథ, చర్చి గేటు ముందు ఒక విరహం, బస్టాండు వెనక ఒక దయ్యం. ఆదివారం వచ్చిందంటే చాలు, ఎటు నడిచినా ఎవరో ఒకరు "అక్కా, జర పక్కకు జరుగుండ్రి, ఫ్రేములకొస్తున్నరు" అనేవారు. ఇప్పుడు వాళ్ళందరూ దుకాణాల్లో, ఉద్యోగాల్లో కుదురుకొని, పొట్టలు పెంచి, ఆ సినిమాల పేరెత్తితే సిగ్గుపడుతున్నారు. నేను సినిమాకు సిగ్గుపడను. సిగ్గుపడటానికి నా దగ్గర అంతకన్నా పెద్ద సంగతి ఒకటుంది, అదే ఇప్పుడు చెప్పబోతున్నాను.

నాకప్పుడు ఇరవై ఒకటి. డిగ్రీ అయిపోయి, తరవాత ఏం చేయాలో తోచక, మార్కెట్ సందులోని ఒక ఫోటో స్టూడియోలో మిక్సింగ్ పనికి కుదిరాను. మిక్సింగ్ అంటే తెలియనివాళ్ళకు చెప్తాను: పెండ్లిలో ఆరేడు గంటలు తీసిన వీడియోను కత్తిరించి, పాటలు అతికించి, పెండ్లికూతురు ముఖాన్ని గులాబీ పువ్వులో విచ్చుకునేలా చేసి, పెండ్లికొడుకు నెత్తి మీద రెండు తెల్ల పావురాలను ఎగరేయడం. (ఎప్పుడూ అవే రెండు పావురాలు. మెదక్, రామాయంపేట, చేగుంటల్లో కొన్నేళ్ళపాటు మా స్టూడియో తీసిన ప్రతి పెండ్లికీ అవి తప్పకుండా హాజరయ్యాయి, ఒక్క పూట భోజనం చేయలేదు.) నీడపట్టు పని అని మా అమ్మకు నచ్చింది. ఏసీ గదిలో పని అని నాకు నచ్చింది. ఏసీ నా కోసం కాదు, కంప్యూటర్ కోసం. అది ఇంకా వేడెక్కితే మా చాచా, నా వైపున్న టేబుల్ ఫ్యాను కూడా దాని వైపు తిప్పేవాడు.

చాచా అంటే స్టూడియో యజమాని. నాకే కాదు, ఊరందరికీ చాచానే. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో పెండ్లిళ్ళూ నిఖాలూ చర్చి పెండ్లిళ్ళూ ఆయన భుజం మీదుగానే జరిగాయి. స్టాండు వాడటమంటే ఆయనకు నామోషీ. "గది కుంటోళ్ళకు ఊతకర్ర బేటా, నాకెందుకు?" అని కెమెరా భుజానికెత్తుకుంటే, మూడు ముళ్ళు పడి ఏడడుగులు నడిచేదాకా బొమ్మ వెంట్రుకవాసి కదిలేది కాదు. నాకు పని నేర్పింది ఆయనే. ఒక్క మాట మాత్రం వందసార్లు చెప్పేవాడు: "పెండ్లిల కూర తక్వైతే మాఫ్ చేస్తరు బేటా. ఇడియోల మొహం రాకుంటే మాత్రం మనుమలకు గూడ చెప్పిపోతరు." అందుకని పందిట్లో అడుగుపెట్టిన ఏ ఒక్కరినీ ఆయన వదిలిపెట్టేవాడు కాదు, వంటవాళ్ళనూ, చెప్పుల దగ్గర కూర్చున్న ముసలాయననూ కూడా.

ఇక డైరెక్టరు మా పెద్దమ్మ కొడుకు. మేమంతా డైరెక్టరన్న అనేవాళ్ళం, వెక్కిరింతగా మొదలై అలవాటైపోయింది. వాళ్ళకు చేగుంట దగ్గర పొలాలు, రామాయంపేటలో విత్తనాలు, ఎరువుల దుకాణం. పెదనాన్న ఒకే మాట అన్నాడు: "ఉగాది దాక నీ సిన్మ. ఉగాది తెల్లారి నా దుకాణం." హైదరాబాదులో ఏదో షార్ట్ ఫిల్ముల పోటీ ఉంది, అందులో గెలిస్తే దుకాణం తప్పుతుందని అన్న ఆశ. అందరూ ప్రేమకథలు తీస్తున్నారు కాబట్టి తను వేరేది తీయాలని, యాక్షన్ కామెడీ రాసుకొచ్చాడు. పేరు 'టెన్షన్ సుపారి'. సుపారి తీసుకొని మనుషుల్ని చంపే ఒక కిల్లర్. వాడికి బీపీ. పని ఒప్పుకున్నప్పటి నుంచీ నిద్ర పట్టదు, అన్నం సహించదు, కత్తి తీస్తే చెమటలు. దవాఖానకు పోతే డాక్టరు, "ఏం పని చేస్తవు?" అంటాడు. "ప్రైవేటు సార్. కాంట్రాక్టు." "పర్మనెంట్ చేస్తరా?" "చేస్తలేరు సార్, గదే పరేషాన్." ఈ ముక్క వినిపించిన రోజు చాచా పొట్ట పట్టుకొని నవ్వి, "చల్, కెమెరా నాది, కిరాయి గిరాయి ఏం వద్దు" అన్నాడు. ఆ ఒక్క నవ్వుతో మా సినిమా మొదలైంది.

కిల్లర్‌గా దొరికినవాడి పేరు కాయిల్. అసలు పేరు వేరే ఉంది గానీ, బోరు మోటర్లు కాలిపోతే రాగితీగ చుట్టి బాగుచేసే వైండింగ్ దుకాణం కాబట్టి ఊరు ఆయనకు ఆ పేరు పెట్టింది. ఆరడుగుల మనిషి, గుబురు కనుబొమ్మలు, నుదుటి మీద ఎప్పటిదో దెబ్బ మచ్చ. ఎదురొస్తే చిన్నపిల్లలు తల్లుల చాటుకు పోయేవాళ్ళు. నోరు తెరిస్తే మాత్రం రేడియోలో రైతుల కార్యక్రమమంత నెమ్మది. స్టిల్స్ కోసం మొదటిసారి స్టూడియోకు వచ్చినప్పుడు స్టూలు మీద కూర్చోబెట్టాం. లైటు వైరు లూజై మినుకుమినుకుమంటుంటే, ఎవరూ అడక్కుండానే లేచి, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి బిగించి, మళ్ళీ వెళ్ళి బుద్ధిగా కూర్చున్నాడు. జరిగింది అంతే. (ప్రేమకథల్లో ఈ సమయానికి వాన పడుతుంది. నా దాంట్లో వోల్టేజీ సరైంది.) ఆ రాత్రి ఇంటికి పోయి అన్నంలో పప్పుకు బదులు మంచినీళ్ళు పోసుకున్నాను.

మా దిక్కు ఒక కట్టుబాటుంది. కాస్త పెద్దవాడైన మగపిల్లవాణ్ణి పిలవాలంటే 'అన్నా' అనాలి. ఒక్కసారి ఆ మాట నోరు జారిందా, దాన్ని కత్తిరించే మిక్సింగ్ ఏదీ లేదు, వచ్చే రాఖీకి దారం కొనుక్కోవడమే. కాబట్టి షూటింగు జరిగిన ఇరవై రోజులూ నేను ఆయన్ను ఏమీ అనకుండా నడిపించాను. "ఇగో", "ఇటు దిక్కు", "వింటున్నరా". ఒకసారి రోడ్డుకు అవతల ఉంటే పిలవడానికి ఏ మాటా దొరక్క చప్పట్లు కొట్టాను. ఆయనతో పాటు అరటిపండ్ల బండాయనా, రెండు ఆటోలూ నా వైపు తిరిగాయి. ఆయన మాత్రం నన్ను ఏ ఇబ్బందీ లేకుండా 'మేడం' అనేవాడు. కంప్యూటర్ ముందు కూర్చునే ఆడమనిషి ఎవరైనా ఆయనకు మేడమే.

షూటింగు ఎలా జరిగిందో చెప్పాలంటే, ముప్ఫై ఏళ్ళు పెండ్లిళ్ళు తీసిన మనిషి చేతికి హత్యలు అప్పజెప్తే ఎలా ఉంటుందో అలా జరిగింది. పిస్తోలు దీపావళి రీలు పిస్తోలే, నల్లరంగు వేశాం. చాచా దాన్ని పెండ్లికూతురు హారం తీసినట్టు ఒక కొస నుంచి మరో కొసదాకా మెల్లగా చూపించి, అక్కణ్ణుంచి కిల్లర్ ముఖానికి వచ్చేవాడు. చంపబోయే మనిషితో "జర ఇటు చూడుండ్రి, నవ్వుండ్రి" అనేవాడు. ఫైటు అయిపోగానే, దెబ్బలు తిన్నవాళ్ళందరినీ కిల్లర్‌కు అటూ ఇటూ నిలబెట్టి గ్రూపు ఫోటో తీసేవాడు. మార్కెట్‌లో కిల్లర్ ఒకణ్ణి తరుముకుంటూ పరిగెత్తాలి. పరిగెత్తాడు కూడా. చాచా కెమెరా మాత్రం సగంలో ఆయన్ను వదిలేసి, కూరగాయలమ్మే ఆడవాళ్ళ దగ్గర ఆగిపోయి, వరసగా ఒక్కొక్కరినీ పలకరించుకుంటూ చివరిదాకా వెళ్ళింది. డైరెక్టరన్న నెత్తి పట్టుకున్నాడు. "చాచా, కిల్లర్ ఏడున్నడు?" "వాడు మన పోరడే గద, రేపు గూడ దొరుకుతడు. వీళ్ళు ఇంత ముచ్చటగ కూసున్నరు, ఇడిసిపెడితె బాధపడరా?" 

ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఒక్కటే. కథ మొత్తం చివరి షాటు మీద నిలబడింది. కిల్లర్ దవాఖానలో బీపీ చూపించుకోవడానికి వస్తాడు, తను చంపాల్సింది అక్కడి నర్సునే అని తెలుస్తుంది, పిస్తోలు తీసి గురిపెడతాడు, ఆమె భయంతో కళ్ళు మూసుకుంటుంది. వాడి చెయ్యి వణుకుతుంది, కాల్చలేడు. ఎంతకీ చప్పుడు రాకపోయేసరికి ఆమె కళ్ళు తెరిచి, వణుకుతున్న ఆ చెయ్యి పట్టుకొని, "కూసోండ్రి, బీపీ ఎక్కువైంది" అని బీపీ చూసే పట్టీ కడుతుంది. అంటే చెయ్యి వణకాలి. వణక్కపోతే వాడు మామూలు హంతకుడు, మాది మామూలు దరిద్రపు సినిమా. కాయిల్ చెయ్యి వణకదు. సన్నటి రాగితీగను చుట్టు మీద చుట్టు, లెక్క తప్పకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా రోజంతా చుట్టే చెయ్యి అది. "నా చెయ్యి వణికితే కాయిల్ కాలుతది మేడం. కాయిల్ కాలితే రైతు పొలం ఎండుతది," అని నాకు రహస్యం చెప్పినట్టు చెప్పాడు. గొప్పకు కాదు, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

కావాలనే వణికించమంటే పిండి జల్లిస్తున్నట్టు ఊపాడు. పొద్దుటి నుంచీ వరసబెట్టి పదహారు చాయలు తాగించాం, ఊరికే నాలుగుసార్లు బయటికి పోయి వచ్చాడు. సోడా బండి దగ్గర ఐసు తెచ్చి గుప్పిట్లో పెట్టాం, ఎర్రబడింది గానీ వణకలేదు. కండరాలు అలిసిపోతే వణుకుతాయని ఎవరో అంటే, పెద్ద బోరు మోటరు ఆటోలోంచి దింపి మిద్దె మీదికి మోయించాం. ఆయన రోజూ చేసే పనే అది, "ఇంకొకటి ఏమన్న ఉన్నదా?" అన్నాడు. చివరికి డైరెక్టరన్న ఖిల్లా పైకి తీసుకుపోయి అంచున నిలబెట్టి కిందికి చూడమన్నాడు. కాయిల్ కిందికి చూసి, "మా దుకాణం రేకులు తుప్పు పట్టినయి" అన్నాడు. అన్న మాత్రం కళ్ళు తిరిగి కూర్చున్నాడు. ఉగాది దగ్గరికి వచ్చేస్తోంది. పెదనాన్న రామాయంపేట దుకాణంలో అన్న కోసం కుర్చీ కూడా కొన్నాడని కబురు వచ్చింది.

ఆఖరి ఆదివారం పొద్దున, తెలిసిన డాక్టరుగారు తన చిన్న దవాఖానను రెండు గంటలు ఇచ్చారు. నర్సుగా వేయాల్సిన టీచరమ్మ రాలేదు, ఎవరో తుపాకి గురిపెడితే అశుభమని వాళ్ళత్తగారు గడప దాటనివ్వలేదట. డైరెక్టరన్న చుట్టూ చూశాడు. ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. తెల్లకోటు తొడిగేశారు. "కండ్లు మూస్కో, నేను చెప్పేదాక తెరువకు," అన్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. నా ముందు రెండు అడుగుల దూరంలో ఆయన ఉన్నాడని తెలుసు. రాగి వాసన, గ్రీజు వాసన వచ్చాయి. నా గుండె చప్పుడు కెమెరా మైకులో పడుతుందేమోనని భయపడ్డాను. అంతలో డైరెక్టరన్న కేక: "వచ్చింది! వణికింది! కట్!" కళ్ళు తెరిచేసరికి అన్న ఆయన్ను వాటేసుకొని గిరగిరా తిప్పుతున్నాడు. కాయిల్ ఏమీ అర్థం కానట్టు తన చేతిని తను చూసుకుంటున్నాడు. తరవాత చాచా వైపు చూశాడు, నా వైపు చూశాడు, తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడం నాకు చాలు. వెంటనే పట్టీ కట్టే షాటు తీశాం. ఆ చెయ్యి ఇనుపకడ్డీలా నిలకడగా ఉంది. ఎంత తమాయించుకుంటున్నాడో పాపం, అనుకున్నాను.

ఇన్ని చాయలకూ, ఐసుకూ, ఖిల్లాకూ వణకని చెయ్యి నా ముందు వణికింది. ఎందుకు? ఈ ఒక్క ప్రశ్నే ఆ తరవాత నా బతుకులో అన్ని పనుల మధ్యా కూర్చుంది. మిక్సింగ్‌లో ఆ షాటు నాలుగు సెకన్లు. దాన్ని స్లో చేసి, మళ్ళీ వేసి, తిప్పి వేసి, పదకొండు సెకన్లు చేశాను. "గింత పొడుగెందుకే?" అన్నాడు డైరెక్టరన్న. "ఎమోషన్" అన్నాను. ఎవరూ లేనప్పుడు ఆ చేతిని గులాబీ పువ్వులో పెట్టి చూశాను, పావురాలు కూడా ఎగరేశాను. (తరవాత తీసేశాను. అప్పటికీ కొంచెం బుద్ధి మిగిలి ఉంది.) కెమెరా శబ్దం మొత్తం తీసేసి సన్నటి వేణువు పెట్టాను. అసలు క్లిప్పును హార్డ్ డిస్కులో 'పావురాలు' అనే ఫోల్డర్‌లో దాచాను. దాన్ని నేను తప్ప ఎవరూ తెరవరు కదా.

సినిమాను ఒక స్కూలు హాల్లో, తెర బదులు పెండ్లి వేదిక వెనక కట్టే తెల్లబట్ట మీద వేశాం. చాచా ఎవరెవర్ని తీశాడో వాళ్ళంతా వచ్చారు. తరిమే సీనులో కిల్లర్‌ను ఎవరూ చూడలేదు, "అగో మన పెద్దవ్వ! అగో మన చిక్కుడుకాయ గంప!" అని ఒకటే గోల. చివరి షాటు వచ్చేసరికి మాత్రం హాలంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. నేను చీకట్లో కాయిల్ ముఖం వెతుక్కున్నాను. వెనకాల గోడకు ఆనుకొని, నవ్వకుండా తెర చూస్తున్నాడు. ఆ గంభీరాన్ని కూడా నేను నా ఖాతాలోనే వేసుకున్నాను. పోటీ నుంచి జవాబేమీ రాలేదు. ఉగాది తెల్లారి డైరెక్టరన్న రామాయంపేట పోయి కొత్త కుర్చీలో కూర్చున్నాడు, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. రైతులకు విత్తనాల సంగతి చెప్పేటప్పుడు కూడా రెండు చేతులతో చతురస్రం చేసి అందులోంచి చూస్తాడు.

నేను ఎదురుచూశాను. వణికిన చెయ్యి ఏదో ఒకరోజు స్టూడియో తలుపు తడుతుందని. తట్టింది కూడా, రెండు నెలలకు. చేతిలో శుభలేఖ. "చాచా, ఇడియో మీరే తియ్యాలె. మేడం, మిక్సింగ్ మీరే." చేగుంట అమ్మాయి, ఎప్పుడో కుదిరిన సంబంధమట. నేను నవ్వి శుభాకాంక్షలు చెప్పాను. బాత్రూములోకి పోయి నల్లా తిప్పి ఏడ్చాను. నల్లాలో నీళ్ళు రాలేదు, అందుకని ఏడుపు బయటికి వినబడింది.  ఆ రోజు చాచా ఫ్యాను నా వైపు తిప్పాడు.

ఆ పెండ్లి మిక్సింగ్ నేనే చేశాను. జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు. తాళి కట్టే చోట ఆపి, బొమ్మ వెనక బొమ్మ చూశాను. ఆ చేతులు మూడు ముళ్ళనూ కాయిల్ చుట్టినట్టే వేశాయి, వెంట్రుకవాసి కదల్లేదు. నాకెంత సంతోషమైందో చెప్పలేను. పెండ్లాం ముందు వణకలేదు, నా ముందు వణికింది! ఆ ఒక్క గెలుపుతో నేను ఆ పెండ్లికి రెండు కాదు, నాలుగు పావురాలను ఎగరేశాను. తరవాత నాకూ పెండ్లయింది. మా ఆయన మంచివాడు. నా దగ్గర అలాంటి షాటు ఒకటుందని దాచకుండా చెప్పి, ఆ సినిమా చూపించాను కూడా. చూసి, "స్లోమోషన్ ఎక్కువైంది" అన్నాడు.

పన్నెండేళ్ళు గడిచిపోయాయి. చాచా కొడుకులకు ఈ పని ఇష్టం లేకపోయింది, స్టూడియో నా చేతికి వచ్చింది. ఆ సినిమా తీసిన ఎండాకాలమే చాచా ఎందుకో ఒక స్టాండు కొన్నాడు. పెద్ద పెద్ద వాళ్ళంతా వాడుతున్నారని చెప్పాడు, నేను నమ్మాను, షాట్లు బాగా వస్తున్నాయని మెచ్చుకున్నాను కూడా. ఆ మరుసటేడు కెమెరా నాకిచ్చి తను కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. తరవాత చాయ సాసరులో పోసుకోవడం మానేశాడు, తరవాత గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. వణుకుడు జబ్బు అన్నారు డాక్టర్లు. మూడేళ్ళ కింద పోయాడు. జనాజా రోజు ఊళ్ళో సగంమంది మా సందులో ఉన్నారు, నేను అలవాటు కొద్దీ ఎవరెవరు వచ్చారో ఒక్కొక్కరి ముఖమూ చూసుకుంటూ నిలబడ్డాను.

మొన్న ఎండాకాలం కాయిల్ వచ్చాడు. జుట్టు నెరిసింది, పక్కన పదేళ్ళ కూతురు. "మేడం, సీడీ ఆడుతలేదు. పిల్ల నా సిన్మ చూస్తనని జిద్దు చేస్తుంది. పెన్ డ్రైవ్‌ల ఏసియ్యుండ్రి." సరేనని కంప్యూటర్‌లో వేశాను. పిల్ల పడీ పడీ నవ్వింది, కూరగాయల దగ్గర మాత్రం "బాపూ, నువ్వేడున్నవ్?" అని బెంగపడింది. చివరి షాటు వచ్చింది. నేను ఆపాను. ఇంత వయసొచ్చాక ఇంకా దేనికి భయం అనుకొని, నవ్వుతూ, ఊరికే అడుగుతున్నట్టు అడిగేశాను: "గప్పటి సంది అడుగుదమనుకుంటున్న. గా రోజు మీ చెయ్యి ఎందుకు వణికింది?"

"నా చెయ్యా?" అని దగ్గరికి వంగాడు. "ఇంకొక్కపారి ఏయుండ్రి." వేశాను. "మేడం, మోటరు వణుకుతుందని రైతు పట్టుకొస్తడు. మేము ముందుగాల మోటరు చూడం. దాన్ని కూసోబెట్టిన దిమ్మె చూస్తం. గా ఎన్కాల కిటికీ చూడుండ్రి."

చూశాను. చెయ్యి వెనక దవాఖాన కిటికీ ఉంది. ఊచలు కూడా వణుకుతున్నాయి. చెయ్యి ఎంత వణికితే అంతే, అదే లయలో. ఊచలు, గోడ, గోడ మీది క్యాలెండరు, తెల్లకోటులో కళ్ళు మూసుకొని నిలబడ్డ నా భుజం, అన్నీ. పెండ్లి వీడియోలో బొమ్మ రవ్వంత అదిరినా "చాచా, గిక్కడ కదిలింది" అని పట్టుకునే మిక్సింగ్ దాన్ని, పన్నెండేళ్ళలో ఎన్ని వందల సార్లు ఆ షాటు చూశానో, ఒక్కసారి కూడా ఆ చెయ్యి దాటి పక్కకు చూడలేదు.

"నాది గాదు మేడం. చాచాది," అన్నాడు మెల్లగా. "నేను గప్పుడే చూసిన, కెమెరా పట్టుకున్న చెయ్యి. అన్నేమో ఖుషీల ఉండె. గంతమందిల ముసలాయన పరువెందుకు తియ్యాలె అని గమ్మునున్న. అందరు నా చెయ్యే వణికిందనుకున్నరు. అనుకోనీ అనుకున్న." తన చెయ్యి వణకదని అంత బాగా తెలిసిన మనిషి, ఆ మాట పడ్డాడు. నేను ప్రేమించిన మనిషి మంచివాడేనని నాకు అప్పుడు రుజువైంది, ప్రేమించినందుకు దొరికింది మాత్రం అంతే. పెన్ డ్రైవ్ ఇచ్చాను. పిల్ల చెయ్యి పట్టుకొని వెళ్ళిపోయాడు.

వాళ్ళు పోయాక 'పావురాలు' తెరిచి అసలు క్లిప్పు పెట్టాను. వేణువు లేనిది. ఆ శబ్దం నేను మిక్సింగ్ రోజే సినిమాలోంచి తీసేశాను, ఆ తరవాత ఎప్పుడూ వినలేదు, చూడటమే నా పని అనుకున్నాను. ఫ్యాను చప్పుడు, ఎవరిదో దగ్గు. తరవాత మైకుకు బాగా దగ్గరగా, నా చెవి పక్కనే ఉన్నట్టు చాచా గొంతు: "ఆగుండ్రి జర... నా చెయ్యి అదిరింది బేటా, ఇంకొకటి తీద్దాం." దాని మీద పడి డైరెక్టరన్న కేక, చప్పట్లు, నవ్వులు. ఆ గొంతు మళ్ళీ వినబడలేదు. ఇంకొకటి ఎవరమూ తీయలేదు. జబ్బు మొదలైన రోజు ఆయన నాకే చెప్పాడు, బేటా అని పిలిచి మరీ చెప్పాడు. నేను కళ్ళు మూసుకొని వేరే చెయ్యి గురించి ఆలోచిస్తున్నాను.

ఆ ఇరవై ఒక్కేళ్ళ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. నవ్వే వచ్చింది. ఆ సాయంత్రం ఒక పెండ్లి ఆర్డరు మిక్సింగ్ పూర్తి చేయాల్సి ఉంది, చేయలేదు. మా ఆయన తీసుకుపోవడానికి వచ్చి తలుపు దగ్గర నిలబడి, "ఇంకా గా షాటేనా?" అన్నాడు. అవునన్నాను. పన్నెండేళ్ళు నాలుగు సెకన్లు చూస్తూ గడిపిన పిచ్చిదాన్ని, ఇప్పుడు మూడు సెకన్లు వింటూ కూర్చున్నాను, పెద్దగా ఏమీ మారలేదు.